తెడ్డు మెడ మీద ద్రాక్షతీగ

తెడ్డు ఎలా చెయ్యాలో చెప్పేవాళ్లున్నారు. దాని మీద ఎక్కడ ఉలి పెట్టకూడదో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలాగే పుస్తకం చూసి పనిముట్టు పట్టేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి ఇది రాసి పెడుతున్నాను.

నేను తెనాలిలో కుర్చీలకు వైరు అల్లుతాను. చదువు ఏడో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో చెక్కపని పుస్తకాలున్న బీరువా మొత్తం చదివాను. మా అక్క భర్త అడవులదీవిలో, మడ చెట్ల మధ్య కాలవల్లో చిన్న దోనె మీద పీతలు పడతాడు. కొత్త దోనెకు ప్రార్థన పెట్టించుకుంటున్నాడని తెలిసి, తెడ్డు నేనే చేసిస్తానన్నాను.

టేకు పలక తెచ్చి, నీళ్లలో మునిగే వెడల్పు రెక్కను బాడిసతో చెక్కాను. పిడిని గాజుపెంకుతో గీకి నునుపు చేశాను. అక్కడితో ఆగాల్సింది. రెక్కా పిడీ కలిసే సన్నటి మెడ చుట్టూ, మా చర్చి బల్ల మీద ఉన్నట్టే ద్రాక్షతీగ చెక్కాను. లోతుగా చెక్కితే నీడ పడి బొమ్మ లేచినట్టుంటుందని చదివాను. లోతుగానే చెక్కాను. ఆకులకు పచ్చ, కాయలకు ఊదా రంగు వేశాను.

బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఏంటి బామ్మర్దీ, దీంతో పీతలు పట్టాలా, పెళ్లికెళ్లాలా?"

పది రోజుల తర్వాత పని మీద బాపట్ల వెళ్లి, అక్కడి గ్రంథాలయంలో కూర్చున్నాను. ఒక పుస్తకంలో తెడ్డు బొమ్మ ఉంది. బలమంతా మెడ మీదే పడుతుందని, అక్కడ చెక్క నారకు అడ్డంగా గీత కూడా పెట్టకూడదని రాసి ఉంది.

పుస్తకం మూసి బయటికొచ్చాను. అక్కకు ఫోన్ చేశాను.

"పొద్దున్నే వెళ్లాడురా. నీ తెడ్డే పట్టుకెళ్లాడు. ఏమైంది?"

"ఏం లేదక్కా. పాత తెడ్డు కూడా తీసుకెళ్లాడా?"

"నీది వచ్చాక దాన్ని పొయ్యిలో పెట్టేశాంగా."

ఆటు మొదలైతే కాలవ నీళ్లన్నీ సముద్రం వైపు లాగుతాయి. రేపల్లె బస్సులో సీటు ఖాళీ అయినా కూర్చోలేకపోయాను. ప్రతి కుదుపుకూ చెక్క విరిగినట్టే వినిపించింది. దారిలో దిగి ఆటో పట్టుకుని గట్టుకు చేరాను.

అక్క అప్పటికే అక్కడ ఉంది. నిజం చెప్పేశాను. ఆమె తిట్టలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాలవ సముద్రంలో కలిసే వైపే చూస్తూ నిలబడింది. తిట్టినా ఇంత భయం వేసేది కాదు.

మధ్యాహ్నం దాటాక దోనె కనిపించింది. ఒడ్డునానుకుని నత్తలా వస్తోంది. బావ ఒక చేత్తో మడ కొమ్మలు పట్టుకుని లాక్కుంటూ, రెండో చేత్తో విరిగిన రెక్కను నీళ్లలో వేస్తున్నాడు. అరచేతుల్లో నెత్తురు.

"తెడ్డు ఇమ్మంటే గరిటిచ్చావేంట్రా, పుస్తకాలోడా!" అని నవ్వాడు. దిగబోయి మళ్లీ దోనెలోనే కూలబడ్డాడు. మేమిద్దరం పట్టుకుని దింపాం.

రెండో తెడ్డు ఆయన పక్కనే కూర్చుని చేశాను. మెడ జోలికి పోలేదు. పిడి చివర ఒక్క ఆకు, అదీ రంగుతోనే వేశాను. ఇప్పటికీ ఆయన వేటకెళ్లిన రోజు ఫోన్ మోగితే ఉలిక్కిపడతాను.

పేర్లు రాయొద్దని ఇంట్లోవాళ్లు అన్నారు, అందుకే వరసలతో చెప్పుకుంటాను. బాడిస ఇచ్చిన తెనాలి వడ్రంగి తాతకు, ఆ పుస్తకం వెతికి ఇచ్చిన బాపట్ల గ్రంథాలయం మేడంగారికి, అడగ్గానే మలుపులో బస్సాపిన కండక్టరన్నకు, తిట్టని అక్కకు, మళ్లీ నా చేతి తెడ్డే పట్టిన బావకు, ఆ రోజు ఆయన చేతికందిన మడ కొమ్మలకు నా కృతజ్ఞతలు.