వాకిలి మారితే పంచాయతీ మారింది: సత్యవేడు దాకా ఒక రోజు

అక్కకు ఏడో నెల. కాళ్లు వాచాయనీ, రెండు నెలలుగా నర్సమ్మ ఇంటికి రాలేదనీ ఫోన్లో టమోటా ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. ఆ మాట విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు.

తిరుపతిలో ఉదయం ఆరున్నరకు సత్యవేడు పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చాలు, టికెట్ డబ్బుల్లేవు. పుత్తూరు, పిచ్చాటూరు, నాగలాపురం మీదుగా రెండున్నర గంటల పైనే పడుతుంది. పుత్తూరులో ఇడ్లీ తినే టైముంది గానీ నేను బస్సు దిగలేదు. సత్యవేడు నుంచి అక్క ఊరికి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. ఊరిపేరు చెప్పగానే డ్రైవరు "పాత పంచాయతీకా, కొత్తదానికా?" అని అడిగాడు. వార్డులు మార్చి ఊరిని రెండు పంచాయతీలు చేశారట.

"ఓటడగను రెండు పక్కలోళ్లూ వస్తారుమా. పనిబడితే మాత్రం ఆపక్కకు పొమ్మంటారు" అన్నాడు.

అక్కది మూలమీది ఇల్లు. బావకు వాస్తు పిచ్చి. నిరుడు ఉత్తరం వాకిలి ఇటుకలతో మూయించి, తూర్పున కొత్తది పెట్టించాడు. తీరా ఊరు చీలాక ఉత్తరం వీధి పాత పంచాయతీకి, తూర్పు వీధి కొత్తదానికి పోయాయి. ఇంటి నంబరేమో మూసిన గోడమీదే ఉంది. ఇళ్ల లెక్క రాసుకోవడానికి పాత పంచాయతీవాళ్లు వచ్చి వాకిలి లేదని వెళ్లారు, కొత్తవాళ్లు నంబరు లేదని వెళ్లారు. వాస్తు కుదిరింది గానీ అక్క పేరు ఏ నర్సమ్మ జాబితాలోనూ లేదు.

అక్క కాళ్లకు చెప్పులు పట్టడం లేదు. తలనొప్పి ఉందా అంటే "ఉండాదిలే, ఎండకు" అంది. అదే ఆటోను మళ్లీ పిలిపించి ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకెళ్లాను.

"మీ ఇల్లు నా ఏరియా కాదుమా. ఆపక్క నర్సు సూడాల" అంది అక్కడి నర్సమ్మ.

"ముందు బీపీ చూడమ్మా, ఏరియా తర్వాత" అన్నాను. ఆమె అక్క కాళ్లవైపు చూసి రిజిస్టరు పక్కన పెట్టింది. బీపీ చూస్తే నూట అరవై దాటింది. రెండో చేతికీ కట్టి చూసింది.

"ఈడ ఆగొద్దు. ఇప్పుడే సత్యవేడు ఆస్పత్రికి పోండి."

అక్కడ మాత్ర ఇచ్చి, అంబులెన్సులో తిరుపతికి పంపారు. ఇక్కడ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ "ఇంకో వారం ఆగుంటే..." అని మధ్యలోనే ఆపేసింది.

ఇప్పుడు బీపీ తగ్గింది, బిడ్డ కదులుతోంది. హద్దు గీసినవాళ్ల మీద నాకు కోపమే. కానీ నిన్న అక్క అన్నమాటకు ఇంకా భయంగా ఉంది. "నర్సమ్మ రాలేదంటే నాకేమీ లేదనుకుంటిని" అంది.

మీవాళ్ల ఊరు కూడా ఇలా చీలివుంటే, వెళ్లినరోజే రెండు పంచాయతీల సచివాలయాల్లోనూ వాళ్ల పేరుందో లేదో అడగండి. ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం అదీ తర్వాతే, ముందు బీపీ చూపించండి.