మంచు కింద పురుళ్లు

మా పిన్నికి ఎలుకంటే హడల్. వంటింట్లో ఒకటి కనిపిస్తే చాలు, బల్ల ఎక్కి ఇల్లు ఎగిరిపోయేలా కేకలు పెట్టేది. అలాంటి మనిషి ఎలుకలు పట్టే ఉద్యోగంలో చేరిందంటే మా అమ్మ నమ్మలేదు.

చిన్నాన్న కొండమీద పరిశోధనా కేంద్రంలో జీపు డ్రైవరు. అక్కడ ఎలుకల లెక్క కోసం పెట్టే బోనులు చూసే ఆయన కాలు విరిగితే, "నాలుగు రోజులు నువ్వు చూడరాదూ" అన్నాడట. మొదటి బోను తలుపు కళ్లు గట్టిగా మూసుకుని తీసింది పిన్ని. కళ్లు తెరిచి చూస్తే, బోనులో పరిచిన దూదిలోంచి తల బయటపెట్టి మూతి తుడుచుకుంటోంది ఓ గుండ్రటి పొట్టితోక ఎలుక. అక్కడే మనసు పారేసుకుంది. కాలు బాగుపడి ఆయన తిరిగొచ్చినా పిన్ని బోనులు వదల్లేదు. చిక్కినదాన్ని తూచడం, గుర్తుకోసం చెవికి నంబరు పోగు తగిలించడం, బుజ్జగించి వదిలేయడం, అదే లోకం.

తర్వాత వరసగా రెండు శీతాకాలాలు మంచు మీద వాన కురిసింది. ఆ నీరు గడ్డకట్టి, నేలకు గాజు మూత వేసినట్టయింది. కింద గడ్డి మొదళ్లు అందక ఎలుకలు మాయమయ్యాయి. వాటిని తిని బతికే గుడ్లగూబలూ వెళ్లిపోయాయి. పిన్ని ముఖంలో కళ తప్పింది.

"ఎలుకలు లేవని ఏడ్చేదాన్ని నిన్నే చూశానే!" అనేవాడు చిన్నాన్న.

మూడో ఏడు మంచు తొందరగా పడింది. మెత్తగా, పొడిగా, దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు. అప్పుడే నేను పిన్నిని చూడటానికి వెళ్లాను. మంచులోంచి నేలదాకా దింపిన చెక్క గొట్టంలోకి పిన్ని టార్చి వేసింది.

"ఒసేయ్, ఇలా రా! చప్పుడు చెయ్యకు!" అని తనే కొండ మోగేలా అరిచింది.

"ఏమైంది పిన్నీ?"

"పురుడు పోసుకుందే! పైన మనం బిగుసుకుని చస్తుంటే, కింద ఇవి వెచ్చగా కాపురాలు చేస్తున్నాయి!"

నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

మంచు కరిగేసరికి ఎక్కడ చూసినా ఎలుకలే. బోను పెట్టి వెనక్కి తిరిగేలోగా టప్పుమనేది. పోగులు అయిపోయాయి. గుడ్లగూబలు తిరిగొచ్చి స్తంభానికొకటి కూర్చున్నాయి. షెడ్డులో చిన్నాన్న ఉన్ని టోపీలో ఓ కుటుంబమే దిగింది.

"నా టోపీ!"

"ఉష్! లోపల బాలింత ఉందండీ."

"మరి నా నెత్తి?"

పిన్ని తన పువ్వుల స్కార్ఫు ఆయన తలకి చుట్టింది. జీపులో ఎదురైన కేంద్రం పెద్దాయన, చిన్నాన్నను చూసి ఎవరో ఆడమనిషి అనుకుని, "బాగున్నారా అమ్మా?" అని మర్యాదగా పలకరించి వెళ్లాడు. పిన్ని నవ్వలేక పొట్ట పట్టుకుని బురదలోనే కూలబడింది.

"మళ్లీ మంచు మీద వాన పడితే?" అన్నాను నేను, నవ్వు ఆపుకుంటూ.

"పడుతుంది. తగ్గిపోతాయి. మళ్లీ పొడిమంచు వస్తుంది, మళ్లీ పెరుగుతాయి. ఇవాళ మాత్రం నన్నాపకు!"

బోనుల సంచీ భుజాన వేసుకుని వాలు వెంట పరుగెత్తింది. వెనకే నేనూ. సగం దారిలో ఇద్దరం జారి, ఒకళ్ల మీద ఒకళ్లం పడి, నవ్వు ఆపుకోలేక చాలాసేపు లేవలేదు.