టార్పాలిన్ కింద సూర్యుడు

మా బావ జగన్నాధానికి లోకంలో దేనికైనా పర్మిషన్ కావాలి. అదీ గవర్నమెంటు పర్మిషన్. తుమ్మొచ్చినా ఓసారి చుట్టూ చూసి, అభ్యంతరం చెప్పేవాళ్లెవరూ లేరని తేల్చుకున్నాకే తుమ్ముతాడు. టెక్కలి మెయిన్ రోడ్డులో ఆయనకి కిరాణా కొట్టుంది. ఒక ఏడాది తూనికలవాళ్లు కాటాకి ముద్ర వెయ్యడం ఆలస్యమైతే, ముద్ర పడేదాకా కందిపప్పు తూచి అమ్మనని కూర్చున్నాడు. ఎదురు కొట్టువాడు ఆ ఏడాదే మేడ మీద మేడ కట్టాడు.

నేను ఆయనకి పూర్తిగా ఉల్టా. గవర్నమెంటు ఫలానాదాన్ని ప్రోత్సహిస్తుందని పేపర్లో ఒక ముక్క పడితే చాలు, మర్నాటికి పీకల్లోతు అందులో ఉంటాను. మొక్కల నుంచి డీజిల్ తీస్తారన్న రోజుల్లో మా మెట్ట భూమి నిండా అడవి ఆముదం వేశాను. గింజలు కొంటామన్నవాళ్లు పాలసీ మారిందని చెప్పి జారుకున్నారు. ఆ మొక్కల్ని మేకలు కూడా ముట్టలేదు. మేకకున్న వివేకం మా తమ్ముడికి లేకపోయిందని మా అక్క లక్ష్మణమ్మ ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటుంది. మా బావ మాత్రం నవ్వలేదు. ఒక్కటే అడిగాడు.

"ఒరే ఉపేంద్రా, కొంతామన్నోలు ఎక్కడైనా సంతకం ఎట్టేరేటి?"

పెట్టలేదు. నేనూ అడగలేదు.

రెండు వేల పదిలో ఢిల్లీవాళ్లు బీటీ వంకాయని ఆపేశారు. పురుగు పట్టకుండా విత్తనంలోనే ఏదో మార్పు చేసిన వంకాయ అది. ఇంకా పరీక్షలు కావాలని గవర్నమెంటు నిలిపేసింది. ఆ వంకాయ టెక్కలి దాకా రానే లేదు గానీ, దాని మీద నిషేధం మాత్రం మా బావ నెత్తిన వచ్చి కూర్చుంది. ఆ వారమే ఆయన్ని భోజనానికి పిలిచి గుత్తి వంకాయ కూర వడ్డించాం. ఆయన ఒక్కో కాయనీ చీల్చి లోపలికి తొంగి చూడ్డం మొదలెట్టాడు. ఏం వెతుకుతున్నావు బావా అంటే పురుగు కోసం అన్నాడు. మా ఇంటి కూరలో పురుగులుండవు అన్నాను కాస్త పౌరుషంగా.

"అదేరా నా బయ్యం," అన్నాడు.

ఆ రోజు మజ్జిగన్నంతో లేచాడు. అప్పట్నుంచి ఆయన సిద్ధాంతం ఒకటే. పుచ్చున్నది చట్టబద్ధమైన వంకాయ, నున్నగా మెరిసేది అనుమానాస్పదం. బజార్లో కూరగాయలమ్మే గున్నమ్మ పుచ్చు వంకాయలన్నీ పక్కకి ఏరి, గవర్నమెంటు వంకాయలని పేరు పెట్టి ఆయన కోసం ఉంచేది. ఆయన వాటికి పూర్తి ధర ఇచ్చి తెచ్చేవాడు. మా అక్క కత్తిపీట ముందు కూర్చుని సగం కోసి పారేస్తూ, ఢిల్లీని, మొగుణ్ణి కలిపి తిట్టేది.

ఇక సోలార్ సంగతి. రెండు వేల పద్దెనిమిది వేసవిలో నేను ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టే కొట్టు తెరిచాను. మిగిలిన కరెంటు గవర్నమెంటుకే అమ్మొచ్చు, అటూ ఇటూ లెక్క చూసే నెట్ మీటరు వాళ్లే పెడతారు అని మైకులో చెప్పించాను. ఒక్కడూ రాలేదు. కరెంటు పోయినప్పుడల్లా సోలార్ కొట్టు యజమానినైన నేను చీకట్లో కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే, దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవారు. చివరికి మా బావే వచ్చి, బ్యాటరీలతో సహా తన మేడ మీద పెట్టమన్నాడు.

పెట్టాను. స్విచ్ వెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఇంజనీరు వచ్చి చూడలేదు, మీటరు రాలేదు, అంతవరకూ కరెంటు పుట్టకూడదు అన్నాడు. సూర్యుడు ఊరుకోడు కదా బావా అంటే, లోపలికెళ్లి తన పొందూరు పంచెలు తెచ్చి ప్యానెళ్ల మీద కప్పాడు. పొందూరు నేత సన్నం కదా, ఎండ దూరిపోయి ఇన్వర్టర్ మీద పచ్చ దీపం వెలిగింది. మా బావ దొంగని పట్టుకున్నట్టు దాన్ని చూసి, కొట్లోంచి టార్పాలిన్ తెచ్చి కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. నా మొదటి ఖాతాదారు సరుకు అలా ముసుగేసుకుని పడుకుంటే రెండో ఖాతాదారు ఎందుకొస్తాడు? ఇంజనీరుకి బదిలీ అయింది. మీటర్ల స్టాకు లేదన్నారు. నా కొట్టు మూతపడే దారిలో ఉంది.

అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. స్తంభాలు నేలకొరిగాయి, ఊరంతా చీకటి. మోటార్లు తిరగవు, ఛార్జింగ్ లేక ఫోన్లు చచ్చిపోయాయి. గాలివానకి ముందే మా బావ ప్యానెళ్లని తాళ్లతో బిగించి కట్టడంతో అవి చెక్కుచెదరలేదు. ఉన్నవాళ్లు షామియానా కొట్టు నుంచి జనరేటర్లు తెచ్చుకున్నారు. మా బావేమో జనరేటర్ మోగిన ప్రతి ఇంటికీ వెళ్లి పర్మిషన్ ఉన్నాదా అని అడగడం మొదలెట్టాడు. తుఫానులో కూడా ఈయన గోల మానలేదని వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఎక్కువగానే.

నాకు మాత్రం ఆ చీకటి లక్ష్మీదేవిలా కనిపించింది. ఊళ్లో ఒక్క మా బావ ఇల్లు వెలిగితే, నా కొట్టుకి అంతకు మించిన ప్రకటన ఏముంటుంది? ఆ ధైర్యంతో టార్పాలిన్ పీకేద్దామని మేడెక్కాను. మెట్ల దగ్గర అడ్డంగా కూర్చుని ఉన్నాడు మా బావ.

"కిందకి దిగు. పర్మిషన్ రాలేదు."

నాకు ఒళ్లు మండింది. ఈ కష్టంలో ఏ ఆఫీసులో ఎవడున్నాడు పర్మిషన్ ఇవ్వడానికి అని కేకలేశాను. ఆయన లేచి నా భుజం పట్టుకుని వీధి చివరికి తిప్పాడు. అక్కడ స్తంభం మీద ఒక మనిషి వేలాడుతూ వైర్లు కలుపుతున్నాడు. మా ఊరికి సాయం వచ్చిన లైన్‌మన్లలో ఒకడు, పార్వతీపురం నుంచి వచ్చిన అప్పలసూరి.

"మన కరెంటు ఈ వైరు ఎమ్మట బయటికెల్తే ఆడేటవుతాడు?"

లైన్లో కరెంటు లేనప్పుడు నా ఇన్వర్టర్ బయటికి ఒక్క చుక్క వదలదు, అదంతటదే ఆగిపోతుంది అన్నాను.

"నువ్వు సూసేవేటి?"

"బుక్కులో ఉంది బావా."

"బుక్కు సదివేవేటి?"

చదవలేదు. అందులో నేను చూసింది బొమ్మలే. నా నోరు దానంతటదే ఆగిపోయింది. ఇన్వర్టర్ సంగతి దేవుడెరుగు.

అప్పుడు వెలిగింది నాకు. జనరేటర్ ఉన్న ఇళ్లలో ఈయన పర్మిషన్ పేరుతో మాటల్లో పెట్టి చేస్తున్న పని వేరు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ, జనరేటర్ కరెంటు వీధి వైర్లలోకి పోకుండా, మీటరు దగ్గర మెయిన్ ఫీజు పీకించి వస్తున్నాడు. మంచిగా చెబితే ఎవరూ వినరు, గవర్నమెంటు పేరు చెబితే విసుక్కుంటూ అయినా పీకుతారు. తొమ్మిది నెలలు మోసిన తల్లిలా నేను గర్వపడే నా సోలార్ జ్ఞానంలో, స్తంభం మీద మనిషి ఉంటాడన్న సంగతే లేదు. సిగ్గేసింది.

మా బావ మజ్జిగ చెంబు పట్టుకుని వెళ్లి స్తంభం కింద నిలబడ్డాడు. అప్పలసూరి దిగి, మజ్జిగ తాగి, విషయం విని, మా బావ ఇంటికొచ్చే వైరు స్తంభం నుంచి విప్పేశాడు. ఇప్పుడు ఆ ఇల్లు లోకంతో సంబంధం లేని దీవి. మా బావ మేడెక్కి ఇటుకలు తీసి, టార్పాలిన్ మడత పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. అరుగు మీద ప్లగ్గుల పలక పెట్టి, మొదట అప్పలసూరి ఫోను పెట్టించాడు. తుఫాను డ్యూటీకి వచ్చాక అతను ఇంటికి మాట్లాడనే లేదట. పెళ్లాం జగ్గమ్మ, అతని గొంతు వినగానే ఏడుస్తూ తిట్టింది. అంత పెద్ద మనిషీ నవ్వుతూ ఆ తిట్లన్నీ తిన్నాడు. తర్వాత వీధి వీధంతా ఫోన్లూ, మందులు కొట్టే యంత్రాల బ్యాటరీలూ పట్టుకుని ఆ అరుగెక్కింది.

ఉండబట్టలేక అడిగాను. మరి దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు బావా అని.

"పర్మిషన్ అంటే కుర్సీలో కూకున్నోడు ఇచ్చీదనుకున్నావేటిరా? స్తంభం ఎక్కినోడు ఇవ్వాల. కుర్సీలోనోడు ఆడి తరపున సంతకం ఎడతాడు, అంతే."

నెట్ మీటరు ఆ తర్వాత చాన్నాళ్లకి వచ్చింది. ఈలోగా మా బావ మళ్లీ టార్పాలిన్ కప్పేశాడు. అయినా అరుగు మీద ఫోన్లు పెట్టుకున్నవాళ్లలో కొందరు నా కొట్టు మెట్లెక్కారు. నేను వాళ్లకి బుక్కు చదివి మరీ వినిపిస్తున్నాను.

మొన్న బజారుకి వెళ్లి గున్నమ్మ దగ్గర వంకాయలు ఏరుతూ, పుచ్చువి పక్కన పెడుతున్నాను. ఈ పుచ్చులన్నీ ఇంకా మా బావకేనా అన్నాను మాటవరసకి.

"మీలాటోలు మంచియి ఏరుకుని ఎలిపోతారు. బాబుగారు నేకపోతే ఇయి ఎవులు కొంతారు బాబూ?"

తిన్నగా మా బావ ఇంటికి వెళ్లాను. భోంచేస్తున్నాడు. ఢిల్లీ నిషేధం అన్నదంతా వంక, గున్నమ్మ కోసమే కొంటున్నావు కదా అని నిలదీశాను. తల ఎత్తలేదు.

"నిషేదం ఇంకా ఎత్తలేదురా. కూకో, తిను."

పీట వాల్చుకుని కూర్చున్నాను. మా అక్క సగం సగం వంకాయ ముక్కల కూర వడ్డించింది. దీనికి పర్మిషన్ ఉందా బావా అన్నాను.

"పురుగు ముందే తిని ఇచ్చీసింది," అన్నాడు.