నురుగు చూసే ఆమె

ఆ పరిశోధకురాలు ప్రతి మూత్రం సీసానూ ఎండకు ఎత్తి పట్టుకుని, నురుగు అణిగేదాకా పెదవి విప్పేది కాదు. జడ్చర్ల దగ్గరి ఆ ఊళ్లో కిడ్నీలు ఎందుకు చెడుతున్నాయో ఎవరికీ తెలియదు. మూత్రంలోకి జారి నురుగు రేపే ప్రోటీన్లను ల్యాబులో విడదీసి చూస్తే, మనిషికి బాధ తెలియకముందే జబ్బు జాడ దొరుకుతుందని ఆమె నమ్మకం. వార్త రాయడానికి నేనూ ఆమె వెంట తిరిగాను.

ఫలితాలు వచ్చాక ఒక ముసలి రైతు ఇంటికి వెళ్లాం.

“పెద్దయ్యా, మీ మూత్రంలో ప్రోటీన్ చాలా పోతోంది. ఆలస్యం చేయకుండా దవాఖానకు రావాలి” అందామె.

ఆయన పకపకా నవ్వాడు. “గది నాది కాదు బిడ్డా. నాది ఇస్తే సూదులు, మిషిన్లు అంటరని మా పోరనిది పట్టిచ్చిన. ఎద్దు లెక్కుంటడు, మంచిగ వస్తదనుకున్న.”

అరుగు మీద అన్నం తింటున్న కొడుకూ నవ్వాడు. “దొరికినవా బాపూ! ఇగ నడువు దవాఖానకు.”

ఆమె నవ్వలేదు. కొడుకునే చూస్తోంది. ఆమె చూపు ఎటుందో గమనించిన ముసలాయన నవ్వు ఆగిపోయింది. దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు: “అమ్మా, గా జబ్బు నా పేరు మీదనే ఉండనీ. నేనే వస్త.”

ఆమె సంచిలోంచి ఖాళీ సీసా తీసి కొడుకు ముందు పెట్టింది. కుడిచెయ్యి ఎంగిలి కావడంతో అతను ఎడమచేత్తో అందుకున్నాడు, ఇంకా నవ్వుతూనే.