మగ్గుకు కట్టిన చీర అంచు

అన్నం తినే చేతిమీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడపడుచు కూతురు రాస్తోంది.

మా ఆయన సైన్యంలో సిపాయి. శాంతి దళంతో ఆఫ్రికా వెళ్లాడు. అక్కడ రాత్రి గస్తీకి బయల్దేరే ముందు సామానంతా తగిలించుకుని, నిలబడ్డచోటే ఒకసారి ఎగురుతారట. ఏదైనా మోగితే గుడ్డతో బిగించి మళ్లీ ఎగరాలి. చీకట్లో చప్పుడైతే ప్రాణం మీదికి వస్తుంది. ఫోన్లో నాకూ వినిపించేవాడు.

ధబ్... టింగ్.

"నీళ్లసీసా మగ్గు మోగతందే, ఆగు."

కాసేపటికి, ధబ్. అంతే.

"ఇక పోతన్నా."

ఆ మగ్గు కోసమే సెలవుకొచ్చినప్పుడు నా పాత నీలం చీర అంచు చింపాడు. "ఏందయ్యా ఈ పని?" అంటే, "హెల్మెట్ ఇస్తారు, జాకెట్ ఇస్తారు, చీర అంచు ఎవరిస్తారే?" అని నవ్వాడు.

అక్కడే జ్వరమొచ్చి పోయాడు. తుపాకీ, హెల్మెట్, బరువు జాకెట్ సైన్యం వాళ్లే ఉంచుకున్నారు. బూట్లు, దోమతెర, సీసా, మగ్గు, ఆ చీర అంచు ఒక నల్ల ట్రంకు పెట్టెలో మా ఊరు రెంటచింతల చేరాయి.

మా అత్త ఒప్పుకోలేదు. "పోయినోడి సామాను ఇంట్లో ఉంటే వాడు కదల్లేడే. పొద్దున్నే కాలవలో వదిలేద్దాం."

"మగ్గొక్కటి ఉంచుకుంటానత్తా."

"ఒక్కటీ వద్దు."

సాయంత్రం నేనే అన్నీ సర్దాను. మగ్గు విడిగా ఉంది. చీర అంచు మడిచి బూటులో పెట్టాను. మూత వేశాను.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఇద్దరం వాకిట్లో మంచాలు వేసుకున్నాం. పెట్టె వసారాలో ఉంది. ఆకు కదలడం లేదు...

ధబ్.

టింగ్.

పిల్లి అనుకున్నాను. తర్వాత... గుడ్డ లాగుతున్న చప్పుడు. మెల్లగా. ముడి వేయడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపు.

ధబ్.

ఈసారి ఏదీ మోగలేదు. అడుగుల కోసం చెవి ఒగ్గాను. వినపడలేదు. ఆ చీకట్లో అత్త మంచం కనిపించలేదు.

కరెంటు వచ్చాక పెట్టె తెరిచాను. మగ్గు సీసాకు బిగించి ఉంది. నా చీర అంచుతో... రెండు ముళ్లు.

అత్త నా వెనకే నిలబడి ఉంది. "ఎప్పుడు కట్టావే?" అంది.

"నేను కట్టలేదత్తా. నువ్వా?"

అత్త మూత వేసి, పెట్టెను తనే లోపలికి లాగింది. "చానా బరువుంది. కాలవ దాకా ఎవరు మోస్తారులే," అంది.

అది ఇప్పుడు నా మంచం కింద ఉంది. ముడి విప్పలేదు. అత్తను మళ్లీ అడగలేదు. రెండోసారి ఎగిరినప్పుడు ఏదీ మోగకపోతేనే ఆయన బయల్దేరేవాడు. ఆ రాత్రి మోగలేదు. మరి బయల్దేరాడో... ఇంకా ఇక్కడే నిలబడి ఉన్నాడో.