బంపర్ మీద కొబ్బరికాయ

మా ఆయన చేతికి వచ్చేటప్పటికే ఆ కారు ముసలిది. ఎవరో కాంట్రాక్టరు దగ్గర కంకర రోడ్ల మీద తిరిగి తిరిగి, చివరికి మాచర్లలో మా గుమ్మం ముందుకి చేరింది. ముందు బంపర్‌కి ఉండాల్సిన మెరుపంతా తుప్పు తినేసింది. మధ్యలో ఒక సొట్ట కూడా. ఈయన దాన్ని ఇనుము కనపడేదాకా గీకించి, సొట్టలో లప్పం పెట్టించి, పైన వెండి రంగు కొట్టించాడు.

ఆ రంగు పెళ్ళిళ్ళ కోసం. బస్సులుండగా మామూలు రోజుల్లో కారు ఎవరెక్కుతారు? ముహూర్తాలున్న నెలల్లో పెళ్ళికూతుళ్ళని అత్తారిళ్ళకి చేరిస్తేనే ఏడాది పొడుగూతా మా పొయ్యి వెలిగేది. పెళ్ళివారి చూపు ఎట్టాంటిదో తెలుసుగా, కుండకి బీట ఉంటేనే పక్కన పెట్టేస్తారు. పిల్లని ఎక్కించే బండికి పగులుంటే ఊరుకుంటారా?

సరిగ్గా ఆ బంపరే మాట వినేది కాదు. రంగేసి ఇంటికి తెచ్చిన రోజు పాలమీగడలా ఉండేది. రెండు మూడు పెళ్ళిళ్ళు తిరిగొచ్చేసరికి సొట్ట ఉన్నచోటే సాలెగూడులాగా సన్న గీతలు. ఆ తర్వాత పెచ్చులు. ఈయన ముఖం మాడిపోయేది. అన్నం కూడా తినకుండా కారు తీసుకుని మా వెనకింటి రంగుల బాబాయి దగ్గరికి పోయేవాడు. బాబాయి టింకరింగ్ షెడ్డులో కార్లకీ లారీలకీ రంగులేసేవాడు. వాళ్ళు తురకలు, మేము కాదు, అయినా పెళ్ళైవచ్చిన కాడి నుంచి నాకు ఆయన బాబాయే. మళ్ళా గీకటం, ఉప్పుకాగితంతో రుద్దటం, లప్పం పెట్టటం, ఆరాక నీళ్ళు చల్లి ఇంకోసారి రుద్దటం, రంగు. మళ్ళా మీగడ. మళ్ళా సాలెగూడు.

"ఇది ఎండ పనే" అనేవాడు ఈయన. "రెంటచింతల మీదుగా మిట్టమధ్యాన్నం పోతే మనిషే పగిలిపోతాడు, రంగెంత."

అందుకని ఇంటి దగ్గరున్నంతసేపూ బంపర్ మీద తడి గోనెపట్టా కప్పేవాళ్ళం. అది ఆరకుండా నీళ్ళు చల్లటం నా పని. ఎదురింటి అత్త అరుగు మీద కూచుని చూసి నవ్వేది.

"ఏమే, నీ మొగుడు నీకెప్పుడన్నా ఇంత సేవ చేశాడా?"

"నాకు తుప్పు పట్టలేదులే అత్తా" అనేదాన్ని. నవ్వేదాన్ని గానీ లోపల దిగులే. పిలిచే ఇళ్ళు తగ్గుతున్నాయి. బేరానికి వచ్చినవాళ్ళు ముందు బంపర్ వంక చూసేవాళ్ళు, ఆ తర్వాత మా వంక.

ఒకరోజు పెళ్ళి నుంచి వచ్చిన కారుని నేను కడుగుతున్నా. పగుల్లో ఏదో గుచ్చుకుంది వేలికి. లాగితే కొబ్బరి పీచు. చుట్టూ అంటుకుని ఎండిపోయిన కొబ్బరినీళ్ళ మరక.

"ఏమయ్యా, కాయ ఎక్కడ కొడతారు వాళ్ళు?"

"ఎక్కడేంది, బండికే. పిల్ల ఎక్కి కూచున్నాక దిష్టి తీసి బంపర్‌కేసి కొడతారు."

"అన్ని పెళ్ళిళ్ళల్లోనూ అంతేనా?"

ఆయన తువ్వాల భుజం మీద వేసుకోబోతూ ఆగిపోయాడు. స్టీరింగు ముందు కూచుని ప్రతిసారీ ఆ దెబ్బ వింటూనే ఉన్నాడు. అది శుభం చప్పుడు. దాని వల్ల చెడు జరిగిద్దని ఆయనకెట్టా తోచిద్ది?

బాబాయి వచ్చి చూసి తల కొట్టుకున్నాడు. "లప్పం మీద కాయ కొడితే నేనేం చేసేదిరా? మెల్లగా కొట్టమని చెప్పు, లేదంటే కింద కొట్టమను."

చెప్పమని చెప్పటం తేలికే. పెళ్ళివారికి డ్రైవరు చెప్పేదేముంది? ఈయన ఆలోచించి ఆలోచించి, ఇంటి ముందు పరవగా మిగిలిన నాపరాయి ముక్క ఒకటి డిక్కీలో వేసుకున్నాడు. బండి ముందు రాయి పెడితే వాళ్ళంతట వాళ్ళే దాని మీద కొడతారు, ఎవర్నీ ఏమీ అనక్కర్లేదు అని. నాకూ ఎంతో బాగుందనిపించింది. బాబాయి ఆసారి లప్పం పల్చగా, పొర మీద పొర ఆరనిచ్చి పెట్టాడు.

తర్వాతి పెళ్ళి మా వీధి చివరింటి పిల్లది. గురజాల అవతల ఊరికి కాపురానికి పోతోంది. నేనూ సాగనంపటానికి వెళ్ళా. పిల్ల ఏడుస్తా కారెక్కింది. ఈయన గబగబా దిగి, డిక్కీ తీసి, నాపరాయి తెచ్చి బంపర్ ముందు నేల మీద పెట్టాడు. కాయ పట్టుకున్న పిల్ల పెదనాన్న చెయ్యి అట్టాగే ఆగిపోయింది.

"ఏందది?"

"కాయ కొట్టటానికండి. రంగు పెచ్చులూడుతోంది, అందుకని."

"ఆడపిల్ల అత్తారింటికి బయల్దేరితే బండికి రాయి అడ్డం పెడతావంట్రా?"

సన్నాయి ఆగిపోయింది. ఈయన రాయి తీసి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు, ఎక్కడ దించాలో తెలియనట్టు. పెదనాన్న కాయ నేలకేసి కొట్టాడు. అది పగల్లేదు, దొర్లింది. నా పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అంతటితో పోయినా పోయేది. దారిలో రెంటచింతల దాటాక టైరు పంచరైంది. చెట్టు నీడ లేని చోట. స్టెప్నీ మార్చినంతసేపూ పసుపుబట్టలతో పిల్ల ఎండలో నిలబడిందంట. ఆ మాట కారు కంటే ముందు మాచర్ల చేరింది.

మాది ఆనాటి నుంచి రాయి పెట్టిన కారు. ఆ ముహూర్తాల్లో ఒక్కరు పిలవలేదు. వేరే వీధి కార్లు మామిడాకులు కట్టుకుని మా గుమ్మం ముందు నుంచే పోయేవి. ఈయన పెళ్ళివారిళ్ళకి తనే వెళ్ళి అడిగాడు. "చూద్దాంలే అబ్బాయ్" అన్నారు అందరూ. ఎంతో మర్యాదగా అన్నారు.

ఆ రంగు మాత్రం నిలిచింది. ఎండ కాసింది, వాన కురిసింది, వెంట్రుకంత గీత కూడా పడలేదు. గోనెపట్టా కప్పటం మానేశాం, అయినా పడలేదు. ఈయన రోజూ పొద్దున్నే తువ్వాలతో తుడుస్తానే ఉన్నాడు. సొట్ట ఉన్నచోట వంగి చూస్తే నా ముఖం కనపడేది. నేను వంగటం మానేశా.

దసరా వచ్చింది. కారు కడిగి, పసుపూ కుంకం పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కాయ నా చేతికిచ్చి "నువ్వు కొట్టు" అన్నాడు. నేను బంపర్ దాకా పోయి, వెనక్కి వచ్చి, గుమ్మం మెట్టు మీద కొట్టా. నీళ్ళు తెచ్చి బండి మీద చల్లా.

ఆయన చిప్పలు ఏరి నా చేతిలో పెట్టాడు. బంపర్ వంక చూస్తా, నెమ్మదిగా అడిగాడు.

"దాని మీద కొట్టలేకపోయావా?"

"రంగు పోద్దని."

"పోతే పొయ్యేదిలే" అన్నాడు.