ఆముదం రాసిన హోల్‌స్టర్

1983. టెక్సస్‌లో, డాలస్ పక్కన ఒక చిన్న తోలు వర్క్‌షాపు. అందులో నేను హోల్‌స్టర్లు కుట్టేవాణ్ణి. హోల్‌స్టర్ అంటే బెల్టుకి తగిలించుకునే తుపాకీ తొడుగు. ఏడో క్లాసులో లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాక నాకు అబ్బింది తోలు పనొక్కటే. నర్సు ఉద్యోగం వచ్చిన మా ఆవిడ వెంట సామాన్లతోపాటు అమెరికాలో దిగాను. గుంటూరులో మనుషుల కాళ్లకి కుట్టాను, ఇక్కడ తుపాకులకి కుట్టాను. కొలతలు ఇవ్వడంలో తుపాకులే నయం, మాట మార్చవు.

పనిలో అసలు కష్టం వెట్ మోల్డింగ్. తడిపిన తోలుని ఇనుప డమ్మీ తుపాకీ మీద బిగించి ఆరబెడతాం. ఆరాక అది అట్టలా గట్టిపడాలి. ముఖ్యంగా మూతి. తుపాకీ బయటికి తీసినా ఆ మూతి నోరు తెరుచుకునే ఉండాలి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వలయాన్ని ట్రిగ్గర్ గార్డ్ అంటారు. మెత్తబడ్డ తోలు మడత పడి అందులో దూరిందంటే, వేలు చేసే పని తోలే చేసేస్తుంది.

ఇవన్నీ డబ్బాలో పెట్టే మాన్యువల్‌లో ఉండేవి. నేను చేరినప్పుడు అది అరచేయంత చీటీ. కోర్టు కేసుల భయం పెరిగి, మా ఓనరు రే ఒక లాయరుకి చూపించాక ఎనిమిది పేజీలైంది. లోడ్ చేసిన తుపాకీ ప్రమాదమట, తొడుగుని సొంతంగా కోయకూడదట. గొడుగు అమ్ముతూ వానలో తడుస్తావు జాగ్రత్త అన్నట్టుందని నవ్వేవాణ్ణి. ఆ పుస్తకాన్ని డబ్బాలో పెట్టడం నా పని. చదవడం కొన్నవాడి పని అనుకునేవాణ్ణి.

మా తెలుగు చర్చిలో ఇమ్మానుయేలు అన్న ఉండేవాడు. ఇండియాలో మిలిటరీలో చేసి వచ్చి, ఇక్కడ ఒక నగల షాపులో లైసెన్సు ఉన్న ఆర్మ్‌డ్ గార్డుగా చేసేవాడు. నేను కుట్టిన హోల్‌స్టరే కొన్నాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పలావు తింటూ, కొత్త తోలు కిర్రుకిర్రుమంటోందని, నడిస్తే షాపులో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారని వాపోయాడు. ఈ వయసులో చూస్తున్నారంటే సంతోషించమన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కొత్త చెప్పు కరిస్తే ఏం చేస్తాం, కాస్త ఆముదం రాయి, దారికొస్తుంది అని కూడా అన్నాను. ముక్క కొరుకుతూ మర్చిపోయాను.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం అన్న డ్యూటీకి వెళ్తూ మా వర్క్‌షాపుకొచ్చాడు. తుపాకీ జారిపోకుండా పట్టుకునే పట్టీ కుట్టు ఊడిందట. మా గుమ్మం దగ్గర బోర్డుంది, లోడ్ చేసిన తుపాకీతో లోపలికి రావద్దని. దాని కింద ఇసుక డ్రమ్ము, తుపాకీని అటు గురిపెట్టి ఖాళీ చేసుకోవడానికి. మనవాడి షాపే కదా అని అన్న ఆ రెంటినీ దాటేసి వచ్చాడు. రివాల్వర్ సగం బయటికి లాగి, పట్టీ ఎలా వేలాడుతోందో చూపించాడు.

ముందు దాన్ని ఖాళీ చెయ్యమన్నాను. మిలిటరీవాడికే నేర్పుతున్నావా అని నవ్వి, నా మొహంలోకి చూస్తూనే మళ్లీ లోపలికి తోశాడు. అది మధ్యలో ఆగింది. ఇంకాస్త తోశాడు.

అప్పుడు చూశాను. తొడుగు మూతి గాలికి మెత్తబడ్డ అప్పడంలా ఉంది. ఒక అంచు లోపలికి మడత పడింది. అన్న వేలు బయటే ఉంది, అయినా రివాల్వర్ వెనక హామర్ మెల్లగా లేస్తోంది. హామర్ అంటే తూటాని కొట్టే సుత్తి. ట్రిగ్గర్ నొక్కుతుంటే అది లేస్తుంది, చివరిదాకా నొక్కితే వచ్చి కొడుతుంది. గొట్టం ఆయన తొడ పక్కనుంచి పాదం వైపు చూస్తోంది.

"అన్నా, తొయ్యొద్దు."

"ఏరా, లోపల పాము దూరిందా?" అని నవ్వాడు. తప్పు ఆయనది కాదు. పదేళ్లుగా నేను ఆయనతో జోకు లేకుండా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. చెయ్యి ఇంకో పిసరు కిందికి కదిలింది. హామర్ ఇంకో పిసరు లేచింది.

"ఇమ్మానుయేలు గారూ."

ఆయన్ని నేను గారూ అని పిలవడం అదే మొదలు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి కూడా ఆగింది.

"చెయ్యి అలాగే ఉంచండి. బొటనవేలు హామర్ మీద పెట్టి నొక్కి పట్టుకోండి. ఇప్పుడు నిటారుగా పైకి తియ్యండి. మెల్లగా."

తీశాడు. మడత వలయంలోంచి జారుతుంటే, ఆయన బొటనవేలి కింద హామర్ దిగడం కనిపించింది. గొట్టం కిందికే ఉంచి డ్రమ్ము దాకా నడిచాడు. ఆరు తూటాలూ ఇసుకలో పడ్డాక గోడకి ఆనుకుని, పేలడానికి ఇంకెంత మిగిలి ఉండేదిరా అని అడిగాడు. నాకు తెలీదు. కొలిచే ధైర్యం ఇప్పటికీ లేదు.

రే వెనక గదిలోంచి వచ్చి తొడుగు వాసన చూశాడు. ఇదేం నూనె, ఎవరు రాయమన్నారు అని అడిగాడు. అన్న నా వైపు చూడకుండా, ఇంట్లో తనే రాసుకున్నానని చెప్పాడు. ఆ మాట నిలిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. మాన్యువల్ చదవని కస్టమర్ తప్పు అయిపోతుంది. పనివాడే చెప్పాడని తేలితే, రేపు ఎవరి కాలు పోయినా రే షాపు మూసుకోవాల్సిందే. నా నోటికి ఏ జోకూ రాలేదు.

"నేనే చెప్పాను," అన్నాను.

రే అరవలేదు. ఒక డబ్బా తెరిచి, మాన్యువల్ ఐదో పేజీ తీసి నా చేతిలో పెట్టాడు. పైకి చదవమన్నాడు. కూడబలుక్కుంటూ చదివాను. నూనెలు రాయకండి. తోలు మెత్తబడి ట్రిగ్గర్ గార్డ్‌లోకి మడత పడవచ్చు. మీరు గాని, మరొకరు గాని చనిపోవచ్చు. బైబిల్ చదువుతున్నప్పటిలా అన్న టోపీ తీసి విన్నాడు.

ఆ లైను లాయరు రాసింది కాదని, ఇంకెక్కడో వేరేవాళ్లు కుట్టిన తొడుగు ఇలాగే మెత్తబడి తన తమ్ముడి మోకాలు పోయాక తనే రాయించానని రే చెప్పాడు. నా కత్తి నాకే ఇచ్చి ఆ హోల్‌స్టర్‌ని రెండు ముక్కలు చేయించాడు. సోమవారం ఎప్పట్లాగే పనికి రమ్మన్నాడు.

ఆ తర్వాత నేనున్న పన్నెండేళ్లూ ఒక్క డబ్బా కూడా ఊరికే చేతికివ్వలేదు. ఐదో పేజీ చదివేవాణ్ణి, నా ఇంగ్లిష్‌కి వాళ్లు నవ్వినా సరే. ఖాళీ తుపాకీతో చేసి చూపించేవాణ్ణి. ముందు మూతి చూడాలి, వేలు బయట ఉండాలి, బొటనవేలు హామర్ మీద ఉండాలి, లోపలికి పెట్టేటప్పుడు కళ్లు అక్కడే ఉండాలి. తొందర లేదు, తొడుగు ఎక్కడికీ పారిపోదు. అడక్కుండా సలహా చెప్పడం మాత్రం మానేశాను. చెప్పుల గురించైనా సరే.

అన్నకి కొత్తది నేనే కుట్టిచ్చాను. నెల తిరిగాక చర్చిలో పలావు ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మళ్లీ కిర్రుమంటోందిరా."

"అననీ అన్నా. వినడానికి నువ్వున్నావు కదా."